పదో తూము తరవాత నూరో తూము

మా ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక గోనెసంచుల కొట్టు మీద ఉండేది. కింద సంచులు దులిపినప్పుడల్లా పైన మేం తుమ్మేవాళ్ళం. కొత్తగా వచ్చిన ఇంజనీరు గారు మొదటి రోజే అది గమనించి, "ఇక్కడ అందరికీ ఒకేసారి జలుబు చేసిందా?" అని అడిగారు. హెడ్ క్లర్కు గారు జవాబు చెప్పబోయి తుమ్మారు.

డెబ్భైల దశకం మధ్యలో మాట. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. మాది పామర్రు. నాన్న అక్కడ మిషన్ బడిలో లెక్కల మాస్టారు. నేను బెజవాడలో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికి వెళ్ళి, ఆదివారం చర్చి అయ్యాక మళ్ళీ వచ్చేసేదాన్ని.

మాది కాలవల ఆఫీసు. మా కాలవ మీద బెజవాడ నుంచి పామర్రు దాటి శివారు దాకా నూట ముప్ఫై తూములు. తూమంటే గట్టులోంచి పొలాలకు నీళ్ళొదిలే దారి. దానికొక ఇనప షట్టరు, పక్కన ఒక రాయి, రాయి మీద నంబరు. ముగ్గురు లస్కర్లు గట్టు వెంబడి సైకిళ్ళ మీద తిరుగుతూ, ఏ షట్టరు ఎన్ని అంగుళాలు ఎత్తి ఉందో, కాలవలో నీళ్ళు ఎంత లోతున్నాయో చీటీల మీద రాసి పంపేవారు. వాటిని పెద్ద లాగ్‌బుక్కులోకి ఎక్కించడం నా పని. మా అటెండరు దాన్ని లాగుబుక్కు అనేవాడు. అందులో లాగుల సంగతేమీ లేదని నేను చెప్పినా మానలేదు.

చీటీలు ఏ వరసలో వస్తే ఆ వరసలో రాసేదాన్ని. డెబ్భై రెండో తూము, దాని కింద మూడోది, దాని కింద నూట పద్ధెనిమిదోది. ఇంజనీరు గారు ఆ పుస్తకం తెరిచి చాలాసేపు చూశారు.

"ఇదేం వరసమ్మా?"

"వచ్చిన వరసండి."

"వచ్చింది వరస కాదు. ఉండాల్సింది వరస," అన్నారాయన.

ఆయన అంతకు కొద్ది నెలల ముందే మద్రాసులో కంప్యూటరు చూసి వచ్చారు. మనం నెల రోజులు కూచుని పేర్చలేనిది, టీ చల్లారేలోపల అది పేర్చి అచ్చు వేసి ఇస్తుందని మాకు చెప్పారు. హెడ్ క్లర్కు గారు, "వేడి టీయేనాండీ?" అని అడిగారు. వేడి టీయేనని ఇంజనీరు గారు ఖాయం చేశారు. ఆ వారమే లాగ్‌బుక్కు నకలు మద్రాసు పంపాలని తీర్మానమైంది. అక్కడ ఒక్కో వరసనీ ఒక్కో అట్టముక్క మీద చిల్లులుగా కొట్టి యంత్రానికి ఇస్తారట.

నకలుతోపాటు పంపడానికి ఒక ఫారం ఉంది. అది నింపమని నాకిచ్చారు. అందులో ఒక ప్రశ్న, ఎట్లా పేర్చాలి అని. ఎదురుగా రెండు గళ్ళు. ఒకటి ఆల్ఫబెటిక్, రెండోది న్యూమరిక్. ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. నేను న్యూమరిక్ మీద పెన్ను పెట్టి ఆగిపోయాను. మా కాలవ మీద పద్నాలుగో తూము తరవాత పద్నాలుగు ఎ, పద్నాలుగు బి అని రెండు తూములున్నాయి, తరవాతెప్పుడో కట్టినవి. ఎ, బి ఉన్నాయంటే అక్షరాలున్నట్టేగా అనుకున్నాను. పెన్ను పక్క గడిలోకి జరిపి ఆల్ఫబెటిక్‌కి టిక్కు పెట్టాను. ఇంజనీరు గారు చూసి సంతకం చేశారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది. నాన్న వింటే మెచ్చుకుంటారని కూడా అనుకున్నాను.

మూడు వారాలకి జాబితా వచ్చింది. దిండు గలీబంత వెడల్పున్న కాగితం, రెండు పక్కలా చిల్లులు, మడతలు మడతలుగా పెద్ద కట్ట. అటెండరు దానికి బొట్టు పెట్టాడు. హెడ్ క్లర్కు గారు కళ్ళకద్దుకుని పైకి చదవడం మొదలుపెట్టారు.

"తూము ఒకటి. తూము పది. తూము నూరు. తూము నూట ఒకటి."

ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. అదే వచ్చింది. నూట రెండు, నూట మూడు, అట్లా నూట తొమ్మిది దాకా వెళ్ళి, తరవాత పదకొండు. పదకొండు తరవాత నూట పది. రెండో తూము ఎక్కడుందా అని వెతికితే, పంతొమ్మిది కింద దొరికింది.

నాకు అప్పటికప్పుడే అర్థమైంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు పేర్చింది. ముందు ఒకటితో మొదలయ్యేవన్నీ, తరవాత రెండుతో మొదలయ్యేవన్నీ. యంత్రానికి అవి అంకెలని తెలియదు, అక్షరాలని నేనే చెప్పాను. నోరు మాత్రం తెరవలేదు.

ఇంజనీరు గారు గదిలో అటూ ఇటూ నడిచారు. "దీంట్లో ఏదో ఉంది," అన్నారు.

"ఏముందంటారండీ?" అన్నారు హెడ్ క్లర్కు గారు.

"అదే మనం తెలుసుకోవాలి. అంత యంత్రం ఊరికే పేర్చదు. మనకి అర్థం కాలేదంటే లోపం మనలో ఉంది."

జాబితాలో ప్రతి తూముకీ ఎదురుగా ఒక ఖాళీ గడి వదిలారు. ఆ గళ్ళలో కొత్త రీడింగులు రాయించి మళ్ళీ మద్రాసు పంపితే యంత్రం మనసులో మాట బయటపడుతుందని ఇంజనీరు గారి ఆలోచన. అందుకని ఆర్డరు వేశారు. రీడింగులన్నీ ఒకే మనిషి తీయాలి. జాబితా వరసలోనే తీయాలి. ఒక గడి ఖాళీ వదిలి కిందికి పోకూడదు. ప్రతి రీడింగు పక్కనా తీసిన టైము వెయ్యాలి.

ఆ ఒకే మనిషి మా పెద్ద లస్కరు. యాభై దాటిన మనిషి. గడ్డం సగం తెల్లబడింది. మధ్యాహ్నం నమాజు వేళకి ఏ తూము దగ్గరుంటే అక్కడే కాలవలో కాళ్ళూ చేతులూ కడుక్కుని గట్టు మీద తుండు పరుచుకునేవాడు. నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని. దస్తూరి ముత్యాల్లా ఉంటుందనీ, ఇన్నేళ్ళ సర్వీసులో తప్పుడు రీడింగు ఒక్కటీ రాయలేదనీ ఆయన్నే ఎంచారు.

ఆయన జాబితా విప్పి చూశాడు.

"పది తరవాత నూరాండీ?"

"అవును," అన్నారు ఇంజనీరు గారు.

"పదోది ఇక్కడికి రెండున్నర మైళ్ళండి. నూరోది పామర్రుకి ఇవతల."

"తెలుసు."

"మధ్యలో ఉన్నయి చూడొద్దాండీ?"

"వాటి వంతు వచ్చినప్పుడు చూద్దువుగాని."

ఆయన జాబితా మడిచి సంచీలో పెట్టుకుని, సలాం చేసి వెళ్ళిపోయాడు.

ఆ వారం ఏం జరిగిందో బస్సు కండక్టర్లు నాకు తరవాత చెప్పారు. ఆయన పొద్దున్నే ఒకటో తూము చూసి, సైకిలు మీద పదో తూముకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి సైకిలు బస్సు పైకి ఎక్కించుకుని, ఉయ్యూరు మీదుగా పామర్రు దాకా వచ్చి, నాలుగు మైళ్ళు వెనక్కి తొక్కి నూరో తూము చూశాడు. నూట తొమ్మిది దాకా గట్టు మీద వెళ్ళి, మళ్ళీ బస్సెక్కి, బెజవాడ దగ్గర పదకొండో తూముకి వచ్చాడు. ఒక్క షట్టరు చూసి మళ్ళీ బస్సెక్కి నూట పదో తూముకి. నూట పంతొమ్మిది అయ్యాక మళ్ళీ వెనక్కి, పన్నెండో తూముకి. మూడో రోజుకి కండక్టరు ఆయన్ని చూడగానే, "ఇవాళ పన్నెండా, నూట ఇరవయ్యా బాబాయ్?" అని అడిగేవాడట.

ఒక సాయంత్రం ఆయన ఆఫీసుకి వచ్చి బెంచీ మీద కూచున్నాడు. చొక్కా చెమటకి తడిసి ఎండి, తెల్లటి చారలు కట్టింది. హెడ్ క్లర్కు గారు లేని సమయం చూసి నేను దగ్గరికి వెళ్ళాను.

"బాబాయి గారూ, మీరు మామూలుగా గట్టు వెంబడే చూసుకుంటూ రండి. చీటీల మీద రాసుకురండి. నేనిక్కడ జాబితా వరసలో ఎక్కిస్తాను."

"మరి టైముల మాటో?"

"టైము కూడా ఆ వరసకి తగినట్టు నేనే వేస్తాను."

ఆయన నాకేసి జాలిగా చూశాడు. "అమ్మాయిగారూ, నూరోదాని దగ్గర పదకొండింటికి ఇంత నీళ్ళున్నయ్యని రాస్తాం. పదకొండింటికి నేనక్కడ లేను. మరి ఆ నీళ్ళు ఎవరు చూసినట్టు?"

ఆయన మంచినీళ్ళు తాగి లేచాడు. "ఇంకా పదమూడోది ఉంది," అని మెట్లు దిగాడు.

అప్పటికి సార్వా ఊడ్పులు సాగుతున్నాయి. నీళ్ళ కోసం అందరూ ఎదురుచూసే రోజులు. మామూలుగా అయితే లస్కరు ఎగువ నుంచి దిగువకి వస్తాడు. ఆయన అరవయ్యో తూము దాటాడంటే ఆ కబురు ఆయనకంటే ముందే అరవై అయిదుకి చేరేది. దొంగతనంగా ఎత్తుకున్న షట్టర్లు దించేసి, రైతులు గట్టు మీద నిలబడి ఆయనకి నమస్కారం పెట్టేవారు. ఆయన వెనక్కి తిరగ్గానే మళ్ళీ ఎత్తుకునేవారు. చివరికి శివారు పొలాలకి మిగిలేది తడి మాత్రమే. అది ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి.

ఇప్పుడు కబురు పంపేవాళ్ళకి దిక్కు తోచలేదు. పదో తూము దగ్గర చూశామంటారు, ఆ పూటే నూరో తూము దగ్గర ఉంటాడు. ఇరవై తొమ్మిది దాకా వచ్చాడు, రేపు ముప్ఫైకి వస్తాడని షట్టరు దించి కూచుంటే, మూడో తూముకి వెళ్ళిపోతాడు. ఊళ్ళలో రకరకాలుగా చెప్పుకున్నారు. ఢిల్లీ నుంచి రహస్య విచారణ వచ్చిందన్నారు. లస్కరు దగ్గర చిల్లుల కాగితం ఉందని, దొంగ షట్టరు ఎత్తిన మరుక్షణం ఆ నంబరు దాని మీద పడుతుందని అన్నారు. ఎందుకొచ్చిన గొడవని అందరూ షట్టర్లు దించేసుకున్నారు.

శివారుకి నీళ్ళు వెళ్ళాయి. ఆ శనివారం నేను ఇంటికి వెళ్ళినప్పుడు పామర్రు సెంటర్లో అందరూ అదే చెప్పుకుంటున్నారు. మోకాలి లోతు నీళ్ళు చూసి, శివారులో ఒక ముసలాయన ఇది మన కాలవేనా అని అడిగాడట.

పైఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. ఇంజనీరు గారు దాన్ని అందరి ముందూ చదివించారు. "చూశారా? యంత్రానికి తెలుసు ఎవరు దొంగో. అందుకే అట్లా పేర్చింది," అన్నారు. హెడ్ క్లర్కు గారు ఆ క్షణం నుంచీ జాబితా బీరువాలోంచి తీసేటప్పుడు చెప్పులు విప్పడం మొదలుపెట్టారు.

ఇదంతా బాగానే ఉంది కానీ, అదే వరసలో మళ్ళీ వేయించిన రెండో చుట్టులో లస్కరు బాబాయి మోకాలు వాచింది. నూట ఇరవై తొమ్మిది నుంచి పదమూడుకి వచ్చేటప్పుడు, బస్సు పైనుంచి సైకిలు దించుతూ జారిపడ్డాడు. గుడ్డ కట్టుకుని మళ్ళీ బయల్దేరాడు. పదమూడు తరవాత నూట ముప్ఫై, అంటే కాలవ చిట్టచివర. ఆ శనివారం పదమూడో తూము దగ్గర ఆయన కుంటుతూ సైకిలు నడిపించుకుంటూ గట్టెక్కడం నేను పామర్రు బస్సు కిటికీలోంచి చూశాను. ఆ ఆదివారం చర్చిలో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క వినపడలేదు.

సోమవారం ఇంజనీరు గారి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ఫైలు తెప్పించి ఫారం నకలు తీశారు.

"టిక్కు పెట్టింది నువ్వేనా?"

"నేనేనండి."

"కింద సంతకం ఎవరిది?"

"మీదేనండి."

"నేను చూసే పెట్టానుగా?"

"చూసే పెట్టారండి."

"అయితే ఇందులో తప్పెక్కడుంది?" అని ఫైలు మూసేశారు.

లస్కరు బాబాయితో చెప్పడం ఇంకా కష్టమైంది. బెంచీ మీద పక్కన కూచుని ఫారం నకలు చూపించాను. ఆయన టిక్కుని దగ్గరగా చూసి, దాని పక్కన తన చిటికెనవేలి గోరు పెట్టాడు. టిక్కు గోరంత కూడా లేదు.

"ఈ గీతేనా అమ్మాయిగారూ?"

"ఈ గీతే. నన్ను క్షమించండి బాబాయి గారూ."

"పోనీలెండి. యంత్రానికి నా మీద ఏం కోపమోనని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా. కోపం లేదన్నమాట." నకలు నా చేతికిచ్చి, "మీరు ఇంకో గడిలో పెట్టుంటే శివారుకి నీళ్ళొచ్చేవి కాదుగా," అన్నాడు. అది ఓదార్పో, నిజమో నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి, కింద కొట్టువాళ్ళు మళ్ళీ సంచులు దులుపుతున్నారని హెడ్ క్లర్కు గారికి వినపడేట్టు చెప్పాడు.

ఆ శనివారం ఈ సంగతి నాన్నకి వేరే ఆఫీసులో జరిగినట్టు చెప్పాను. నాన్న నవ్వలేదు. పలక తీసుకుని ఒకటి రాసి, దాని ముందు రెండు సున్నాలు పెట్టారు. పది రాసి, ముందు ఒక సున్నా పెట్టారు. నూరు రాసి వదిలేశారు. "అన్నిటికీ మూడంకెలు చేస్తే అక్షరాలనుకున్నా వరస తప్పదు," అన్నారు. పలక తుడుస్తూ, "ఆ టిక్కు పెట్టినావిడతో చెప్పు," అన్నారు.

ఇంజనీరు గారికి ఈ మాట బాగా నచ్చింది. ఎందుకంటే ఫారం మార్చక్కర్లేదు, సంతకం మారదు, ఎవరూ తప్పు చేసినట్టు కాదు. చిన్న నంబర్లకి పెద్ద నంబర్లతో సమానంగా హోదా ఇస్తున్నామని నోటు రాశారు. లాగ్‌బుక్కులో నేను సున్నాలు పెట్టాను. లస్కర్లు ముగ్గురూ తెల్ల రంగు డబ్బాలు పట్టుకెళ్ళి రాళ్ళ మీద సున్నాలు వేశారు. కొత్త జాబితా ఒకటి నుంచి నూట ముప్ఫై దాకా చక్కగా వచ్చింది. పద్నాలుగు ఎ, పద్నాలుగు బి కూడా వాటి చోట్లో అవి ఉన్నాయి.

వారం తిరక్కముందే ఏడో తూము ఊరివాళ్ళు వచ్చారు.

"మాకు రెండు సున్నాలు పెట్టారేంటండీ? పన్నెండో తూమువాళ్ళకి ఒకటే పెట్టారు. నూరు దాటినోళ్ళకి అసలు పెట్టలేదు."

"ముందు పెట్టే సున్నాకి విలువ లేదయ్యా," అన్నారు ఇంజనీరు గారు.

"విలువ లేంది మాకెందుకండీ? వెనకాల పెట్టండి."

ఆయన ఎంత చెప్పినా వాళ్ళు వినలేదు. వెళ్ళి సున్నాలు గీకేసి ఏడు వెనకాల పెట్టుకున్నారు. లస్కరు బాబాయి ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి కదా, చీటీలో తూము ఏడు వందలు అని రాసి, పక్కన, "రాయి ఈ మాట అంటోంది" అని చేర్చాడు. నేను అట్లాగే ఎక్కించాను. తరవాతి జాబితాలో ఏడు వందలో తూము నూట ముప్ఫై కింద, శివారు దాటి, సముద్రంలో ఎక్కడో ఉండాల్సిన చోట అచ్చయి వచ్చింది. ఆ ఊరివాళ్ళు మాత్రం తృప్తిపడ్డారు.

అసలు గొడవ తరవాత వచ్చింది. వరస సరిపడగానే లస్కర్లు మళ్ళీ ఎగువ నుంచి దిగువకి తిరగడం మొదలుపెట్టారు. కబుర్లు మళ్ళీ ముందు నడిచాయి. షట్టర్లు లేచాయి. శివారు నుంచి నలుగురు రైతులు వచ్చి మా బెంచీ మీద కూచున్నారు.

"ఆ పాత జాబితా మళ్ళీ పెట్టించండయ్యా," అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"అది తప్పు జాబితా," అన్నారు ఇంజనీరు గారు. ఆయన ఆ మాట అనడం అదే మొదలు.

"తప్పో ఒప్పో మాకు తెలవదండి. మాకు నీళ్ళొచ్చినయ్."

ఇంజనీరు గారు నన్ను కొత్త ఫారం తెమ్మన్నారు. తనే పెన్ను తీసి, ఆల్ఫబెటిక్‌కి పెద్ద టిక్కు పెట్టి, రైతులకి చూపించి, "ఈసారి తప్పుగానే వస్తుంది," అని మాటిచ్చారు.

మూడు వారాలకి జాబితా వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆయన ఒక్కో మడతా విప్పుతూ చివరిదాకా చూశారు. ఏడు వందలు తప్ప ఒక్కటీ అటూ ఇటూ కాలేదు.

"మళ్ళీ సరిగ్గానే వచ్చిందేంటమ్మా?" అన్నారు. అంత దిగులుగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"సున్నాలు ఉన్నంతకాలం ఏ గడిలో పెట్టినా ఇంతేనండి."

"సున్నాలు తీసేస్తే?"

"రాళ్ళన్నీ మళ్ళీ గీకాలండి."

గీకడానికి పైఆఫీసు అనుమతి కావాలి. తప్పు చేయడానికి అనుమతి ఏ కారణంతో అడగాలో హెడ్ క్లర్కు గారికి తోచలేదు. మూడుసార్లు చిత్తు రాసి మూడూ చింపేశారు.

రైతులు ఇక ఆఫీసుకి రాలేదు. పామర్రులో లస్కరు బాబాయిని పట్టుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కానీ మర్నాటి నుంచి ఆయన చీటీలు వేరేగా వచ్చాయి. ఎనభై ఎనిమిది, దాని తరవాత అరవై ఒకటి, దాని తరవాత నూట నాలుగు. టైములు మాత్రం ఒకదాని తరవాత ఒకటి సక్రమంగా ఉన్నాయి. ఆయా టైములకి ఆయన నిజంగానే ఆయా తూముల దగ్గర ఉన్నాడు. బస్సు ఎక్కడ దిగాలో ఆయనే ఆరోజుకారోజు అనుకునేవాడు.

"మోకాలు ఎట్లా ఉంది బాబాయి గారూ?" అని అడిగాను ఒకరోజు.

"నొప్పిగానే ఉందండి. అయితే ఇది నేను పెట్టుకున్న వరస గదా, అంత తెలవడం లేదు."

ఆ ఏడు శివారులో కోతలు మిగతా ఊళ్ళతో పాటే అయ్యాయి. మద్రాసుకి లాగ్‌బుక్కు పంపడం మరుసటి ఏడు ఇంజనీరు గారి బదిలీతో ఆగిపోయింది. నేను చీటీలు వచ్చిన వరసలోనే రాస్తూ, ప్రతి నంబరు ముందూ సున్నాలు మర్చిపోకుండా పెడుతూ, ఆ కుర్చీలో ఇంకో నాలుగేళ్ళు ఉన్నాను.